స్నార్కెలింగ్

స్నార్కెలింగ్ అనగా కళ్ళకు అద్దపు ముసుగు, నోటికి గాలిగొట్టం, కాళ్ళకు రెక్కలవంటి తొడుగులు ధరించి, నీటిపై బోర్లా తేలుతూ అడుగున ఉన్న జీవులను చూసే జలక్రీడ. తల పైకెత్తకుండానే గాలి పీల్చుకొనేందుకు వీలు కల్పించే గొట్టాన్ని స్నార్కెల్ అంటారు. గాలి సిలిండరు మోసుకొని లోతుకు దిగే స్కూబా డైవింగ్‌కు, దీనికి తేడా ఉన్నది. స్నార్కెలింగ్ చేసే వ్యక్తి ఉపరితలం వద్దనే ఉంటాడు కనుక దీనికి సుదీర్ఘమైన శిక్షణ అవసరం లేదు. ఓడ ఒక దీవి వద్ద ఆగిన నాలుగైదు గంటలలో, అంతకు మునుపెన్నడూ సముద్రంలో దిగనివారు కూడా దీనిని చేయగలుగుతున్నారు. దీని ఆకర్షణకు కారణం ఇదే. ప్రమాదాలకూ, పగడపు దిబ్బల నాశనానికీ కూడా కొంతవరకు ఇదే కారణం.

భారతదేశంలో స్నార్కెలింగ్‌కు అండమాన్ దీవులు, లక్షద్వీప్ ప్రధాన స్థలాలు. మహారాష్ట్రలోని మాల్వన్, కర్ణాటకలో మురుడేశ్వర్ సమీపాన ఉన్న నేత్రాణి దీవి వద్ద కూడా ఇది జరుగుతున్నది. తెలుగువారికి విశాఖపట్నం నుండి ఓడమార్గం ఉన్నందున అండమాన్ దీవులతో సంబంధం ఎక్కువ.

పేరు, చరిత్ర

ఈ మాటకు మూలం 'ష్నోర్షెల్' అనే జర్మన్ పదం. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో జర్మన్ జలాంతర్గాములు నీటి అడుగున ఉంటూనే ఇంజనుకు గాలి తీసుకొనుటకు వాడిన గొట్టానికి ఆ పేరుండేది. ఆ పరికరాన్ని అంతకుముందే, 1930లలో, డచ్చి నౌకాదళం రూపొందించింది. ఈతగాళ్ళ గొట్టానికి ఈ పేరు తరువాత వచ్చింది.

పేరు కొత్తదైనా పద్ధతి పాతదే. గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ జంతువుల అవయవాల గురించి వ్రాసిన గ్రంథంలో ఏనుగు తొండాన్ని వర్ణిస్తూ, గజ ఈతగాళ్ళు నీటిపైనుండి గాలి పీల్చుకొనే సాధనంతో దానిని పోల్చాడు. లియొనార్డో డా విన్సీ చిత్తుప్రతులలో కూడా ఇటువంటి గొట్టాల బొమ్మలున్నాయి. ముఖమంతటినీ కప్పి, ముక్కుతో శ్వాసించేందుకు వీలిచ్చే ముసుగులు 2014 నుండి విస్తృతంగా అమ్మకానికి వచ్చాయి.

పరికరాలు

ముసుగు ముక్కును కూడా కప్పాలి. కళ్ళకు మాత్రమే ఉండే ఈత కళ్ళద్దాలు దీనికి పనికిరావు. నీటి ఒత్తిడికి ముసుగు ముఖానికి అదుముకొన్నపుడు ముక్కుతో కొద్దిగా గాలి వదలి సరిచేసుకోవలసి ఉంటుంది. మీసం దట్టంగా ఉన్నవారి ముసుగులోకి నీరు చేరడం సాధారణం. ముసుగును పట్టీ లేకుండా ముఖానికి ఆనించి ముక్కుతో గాలి పీల్చినపుడు అది ఊడిపోకుండా నిలిస్తే సరైన కొలత అని తెలుసుకోవచ్చును.

స్నార్కెల్ పొడవు సుమారు 30 నుండి 40 సెంటీమీటర్లు, లోపలి వ్యాసం సుమారు 2 సెంటీమీటర్లు ఉంటుంది. గొట్టం పొడవు పెంచితే ఇంకా లోతుకు పోవచ్చునని తోచడం సహజం, కాని అది సాధ్యం కాదు. నీటిలో మీటరు లోతున ప్రతి చదరపు సెంటీమీటరుపై అదనంగా 100 గ్రాముల బరువుకు సమానమైన ఒత్తిడి పడుతుంది. ఊపిరితిత్తులలోని గాలి మాత్రం గొట్టం ద్వారా ఉపరితలపు ఒత్తిడిలోనే ఉంటుంది. అప్పుడు రొమ్మును వ్యాకోచింపజేయడం శ్వాసకండరాలకు చాలా కష్టమవుతుంది. పైగా వదలిన గాలిలో కొంత గొట్టంలోనే మిగిలి మరుసటి శ్వాసలో తిరిగి లోపలికి పోతుంది. మామూలు స్నార్కెల్‌లోనే ఇలా మిగిలే గాలి 100 మిల్లీలీటర్లకు పైగా ఉంటుంది. గొట్టం పొడవు పెరిగిన కొద్దీ తాజా గాలి తగ్గి, బొగ్గుపులుసు వాయువు పెరుగుతుంది. తామరతూడు నోట పెట్టుకొని మడుగు అడుగున గంటల తరబడి దాగియుండే కథానాయకుడు కథలకే పరిమితం.

స్నార్కెల్‌తో శ్వాసించేటపుడు నెమ్మదిగా, లోతుగా గాలి తీసుకోవాలన్న నియమానికి కారణం కూడా ఇదే. భయంతో పైపైన వేగంగా శ్వాసించినపుడు పాత గాలే లోపలికీ బయటికీ తిరుగుతూ ఆయాసం ఎక్కువవుతుంది.

నీటిలో చూపు

మనిషి కన్ను గాలిలో చూచుటకు అనువుగా నిర్మితమైనది. కంటిపొర నీటిని నేరుగా తాకినపుడు కాంతి తగినంత వంగక దృశ్యం మసకబారుతుంది. ముసుగు చేసే పని కంటి ముందు ఒక గాలిపొరను నిలపడం మాత్రమే. అయితే నీటి నుండి గాలిలోకి వచ్చే కాంతి వక్రీభవనం చెందుతుంది కనుక వస్తువులు ఉన్నదానికంటే మూడవ వంతు పెద్దవిగా, నాలుగవ వంతు దగ్గరగా కనిపిస్తాయి. మొదటిసారి దిగినవారు కాలికి అందేంత దగ్గరలో పగడాలున్నాయని భ్రమపడడం, తీరా ఒడ్డుకు వచ్చి చేప పొడవును పెంచి చెప్పడం ఇందువల్లనే.

నీరు మొదట ఎరుపు రంగును హరిస్తుంది. కొద్ది మీటర్ల లోతులోనే ఎర్రని వస్తువు గోధుమ రంగులోకి, తరువాత నల్లగా మారుతుంది. రంగులు చూడదలచినవారికి రెండు మూడు మీటర్ల లోతున్న పగడపు దిబ్బయే అన్నిటికన్న మేలైనది. లోతుకు దిగే స్కూబా డైవర్లకు దీపం లేకుండా దొరకని రంగులు స్నార్కెలింగ్ చేసేవారికి ఎండలోనే దొరుకుతాయి.

తెలుగు తీరంలో ఎందుకు తక్కువ

ఆంధ్రప్రదేశ్ తీరరేఖ పొడవు 974 కిలోమీటర్లని చాలాకాలం పాఠ్యపుస్తకాలలో ఉండేది. ఇటీవలి కొలతలలో ఇది వెయ్యి కిలోమీటర్లు దాటింది. ఇంత తీరమున్నా పగడపు దిబ్బలు లేకపోవడానికి ముఖ్యకారణం నదులే. గోదావరి, కృష్ణ, పెన్నా నదులు తెచ్చే ఒండ్రుమట్టి, వానకాలంలో వచ్చి కలిసే మంచినీరు పగడాలకు సరిపడవు. వాటికి వెచ్చని, ఉప్పదనం నిలకడగా ఉన్న, ఎండ అడుగు వరకు చేరే తేటనీరు కావాలి. మట్టి పేరుకొంటే పగడజీవులు ఊపిరాడక చనిపోతాయి. తీరమైదానాన్ని పంటభూమిగా మార్చిన మట్టే సముద్రం అడుగును కంటికి కనిపించకుండా చేసింది. దేశంలో ప్రధానమైన పగడపు దిబ్బలు మన్నార్ సింధుశాఖ, పాక్ అఖాతం, కచ్ సింధుశాఖ, లక్షద్వీప్, అండమాన్ నికోబార్ దీవులలో మాత్రమే ఉన్నాయి.

విశాఖపట్నం తీరం కొంత భిన్నమైనది. ఇక్కడ తూర్పు కనుమల శాఖలు సముద్రం వరకు వచ్చినందున ఋషికొండ, మంగమారిపేట వంటి చోట్ల రాతినేల ఉన్నది. రాళ్ళను అంటిపెట్టుకొని పెరిగే జీవులు, వాటి చుట్టూ తిరిగే చేపలు నీరు తేటగా ఉన్న రోజులలో కనిపిస్తాయి. ఋషికొండలో స్కూబా డైవింగ్ శిక్షణ కూడా జరుగుతున్నది. అయితే ఇక్కడ కెరటాలు బలమైనవి. వెనుకకు లాగే ప్రవాహాలు ఈతగాళ్ళను బలిగొన్న సందర్భాలు తరచు సంభవిస్తున్నాయి. నీరు తేటబడే రోజులు కూడా తక్కువే. అందువలన దీనిని స్నార్కెలింగ్ నేర్చుకొనే చోటుగా పరిగణించలేము.

ఓడప్రయాణం, దీవి మజిలీ

విశాఖపట్నం నుండి అండమాన్ రాజధాని పోర్ట్ బ్లెయిర్‌కు సుమారు 1,200 కిలోమీటర్ల దూరం. ఈ నగరం పేరును 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని మార్చారు. చెన్నై, కోల్‌కతాలతో పాటు విశాఖ నుండి కూడా ప్రభుత్వ ప్రయాణికుల ఓడలు నడుస్తూ వచ్చాయి. ప్రయాణానికి రెండున్నర రోజులు పడుతుంది. ఇవి విహార నౌకలు కావు. దీవులలో నివసించేవారి రాకపోకలకు, సరుకులకు ఉద్దేశించినవి. ఈ మార్గంలో వెళ్ళి స్థిరపడినవారిలో శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుండి వచ్చిన తెలుగువారు, ముఖ్యంగా మత్స్యకారులు, అధికంగా ఉన్నారు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ జనాభాలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు.

విహార నౌకల విషయానికి వస్తే, 2022 జూన్‌లో కార్డీలియా సంస్థకు చెందిన ఎంప్రెస్ నౌక విశాఖ నుండి తూర్పు తీరం వెంబడి యాత్రలు చేసింది. 2023 సెప్టెంబరులో విశాఖ నౌకాశ్రయంలో అంతర్జాతీయ విహార నౌకల టెర్మినల్‌ను ప్రారంభించారు.

ఓడ దిగి దీవిలో కొద్ది గంటలు గడిపి తిరిగి ఓడ ఎక్కే పద్ధతికి లక్షద్వీప్ యాత్ర మంచి ఉదాహరణ. కొచ్చి నుండి బయలుదేరే 'సముద్రం' యాత్రలో కవరత్తి, కల్పేని, మినికోయ్ దీవులను పగటిపూట చూపించి, రాత్రి ఓడలోనే బస కల్పించే పద్ధతి ఏర్పడింది. ఈ యాత్రకు వాడిన ఎం.వి. కవరత్తి నౌకను విశాఖపట్నంలోని హిందుస్థాన్ షిప్‌యార్డ్‌లో నిర్మించారు. లక్షద్వీప్‌లో భూభాగం 32 చదరపు కిలోమీటర్లు మాత్రమే. దానిని చుట్టిన ఉప్పునీటి మడుగుల విస్తీర్ణం సుమారు 4,200 చదరపు కిలోమీటర్లు. వలయాకారపు పగడపు దిబ్బ కెరటాలను బయటనే అడ్డుకొంటుంది కనుక లోపలి మడుగు చెరువులా నిశ్చలంగా ఉంటుంది. పెద్ద ఓడలు ఈ మడుగులోకి రాలేవు. దిబ్బ అవతల లంగరు వేసి, ప్రయాణికులను చిన్న పడవలలో దింపుతారు. ఊగుతున్న ఓడ నుండి ఊగుతున్న పడవలోకి దిగడం ఈ యాత్ర మొత్తంలో కష్టమైన ఘట్టమని చెప్పవచ్చును.

అండమాన్‌లోని స్థలాలు

పోర్ట్ బ్లెయిర్ ఎదురుగా ఉన్న నార్త్ బే అన్నిటికన్న దగ్గరది. పాత ఎర్రని 20 రూపాయల నోటు వెనుకవైపున కొబ్బరిచెట్లు, దీపస్తంభంతో కనిపించే దృశ్యం ఇక్కడిదే. ఆ దృశ్యాన్ని మౌంట్ హారియట్ కొండపై నుండి చిత్రించారు. ఆ కొండకు 2021లో మౌంట్ మణిపూర్ అని పేరు మార్చారు. నార్త్ బేకు పర్యాటకుల తాకిడి ఎక్కువ.

హేవ్‌లాక్ దీవిలోని ఎలిఫెంట్ బీచ్, నీల్ దీవిలోని భరత్‌పూర్ బీచ్ వద్ద కూడా లోతు తక్కువ గల దిబ్బలున్నాయి. ఈ దీవులకు 2018 డిసెంబరులో వరుసగా స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్ అని పేర్లు పెట్టారు.

దక్షిణ అండమాన్‌లోని వండూరు వద్ద 1983లో ఏర్పడిన మహాత్మా గాంధీ సాగర జాతీయ ఉద్యానం విస్తీర్ణం 281.5 చదరపు కిలోమీటర్లు. ఇందులోని జాలీ బాయ్, రెడ్ స్కిన్ దీవులలో పర్యాటకులను అనుమతిస్తారు. రెండింటినీ ఒకేసారి తెరవక, ఋతువును బట్టి ఒకదాని తరువాత మరొకదానిని తెరిచే పద్ధతి పాటించారు. ప్లాస్టిక్ సీసాలు, సంచులు ఈ దీవులకు తీసుకుపోరాదు. రాత్రి బస లేదు. పొలానికి బీడు వదలినట్లు దిబ్బకు విశ్రాంతి ఇవ్వడం ఈ ఏర్పాటులోని ఉద్దేశం. నార్త్ బే వంటి చోట్ల ఇటువంటి విరామం లేదు.

కనిపించే జీవులు

అండమాన్ నికోబార్ సముద్రంలో 400కు పైగా రాతిపగడాల జాతులు నమోదయ్యాయి. పగడం మొక్క కాదు, రాయీ కాదు. సున్నపు గూడు కట్టుకొని గుంపులుగా జీవించే అతి చిన్న జంతువుల సముదాయం. ఆ జంతువుల కణాలలో ఒక రకం సూక్ష్మమైన నాచు నివసిస్తూ, సూర్యకాంతితో ఆహారం తయారుచేసి పగడానికి అందిస్తుంది. పగడపు రంగులలో చాలాభాగం ఈ నాచువే. కొమ్మల ఆకారంలో ఉన్నవి ఏడాదికి పది సెంటీమీటర్ల వరకు పెరగగలవు. బండవలె గుండ్రంగా ఉన్నవి సాధారణంగా ఏడాదికి ఒక సెంటీమీటరు కూడా పెరగవు. మంచం అంత వెడల్పున్న బండపగడానికి వందేళ్ళ వయసుండడం వింత కాదు.

చేపలలో తేలికగా గుర్తుపట్టదగినది చిలుకచేప. దీని పళ్ళు ముక్కువలె కలిసిపోయి ఉంటాయి. ఇది పగడాలను, వాటిపైని నాచును కొరికి, సున్నాన్ని పొడిచేసి ఇసుకగా విసర్జిస్తుంది. నీటిలో చెవి నిలిపి వింటే ఈ కొరుకుడు చప్పుడు స్పష్టంగా వినిపిస్తుంది. పగడపు దీవుల తెల్లని ఇసుకలో కొంతభాగం ఈ చేపలు చేసిపెట్టినదే. నారింజ, తెలుపు చారలు గల క్లౌన్ చేప సముద్రపుష్పం అనబడే విషపు జంతువు చేతుల మధ్య నివసిస్తుంది. దాని చర్మంపైని జిగురుపొర దానిని కాపాడుతుంది. పెద్ద ఆల్చిప్పలు, సముద్ర దోసకాయలు, నీలిరంగు నక్షత్రచేపలు నేలపై కనిపిస్తాయి. అందంగా కనిపించే లయన్ చేప వెన్నుముళ్ళలోను, రాయివలె కదలక పడివుండే స్టోన్ చేప ముళ్ళలోను విషం ఉంటుంది. వీటికి మనిషిని తరిమే అలవాటు లేదు. వాటిపై అడుగు వేయడం, చేయి వేయడమే ప్రమాదకరం.

అండమాన్ నికోబార్ దీవుల అధికారిక జంతువు సముద్రపు ఆవు. సముద్రపు గడ్డిని మేసే ఈ క్షీరదం స్నార్కెలింగ్ చేసేవారికి కనిపించడం బహు అరుదు.

ఈత, ప్రమాదాలు

అనంతపురం వంటి సముద్రం లేని మెట్టప్రాంతాలలో ఈత నేర్చుకొనుటకు బావులే ఆధారంగా ఉండేవి. నడుముకు బెండ్లు కట్టుకొని దిగుడుబావిలో దూకడం రాయలసీమ పల్లెలలో పిల్లలందరికీ తెలిసిన విద్య. వర్షాభావం వలన, బోరుబావుల వలన భూగర్భజలాలు తగ్గి ఆ బావులు చాలావరకు ఎండిపోయాయి. దానితో ఈత తెలియని తరం పెరిగింది. ఇటువంటి చోట్ల నుండి విహారయాత్రకు వచ్చేవారికి స్నార్కెలింగే నీటితో మొదటి పరిచయం కావచ్చును.

బావిలో ఈత వచ్చినవారికి సముద్రంలో తేలడం కొంత సులువే. ఉప్పునీటి సాంద్రత మంచినీటి కంటే సుమారు రెండున్నర శాతం ఎక్కువ. కాని బావిలో కెరటం లేదు, ప్రవాహం లేదు, ఒడ్డు చేతికందే దూరంలో ఉంటుంది. అలవాటైన ఈతకు అవసరం లేని రెండు విషయాలు ఇక్కడ నేర్చుకోవలసి ఉంటుంది. మొదటిది, ముఖం నీటిలో ఉండగా నోటితో మాత్రమే శ్వాసించడం. రెండవది, గొట్టంలో నీరు చేరినపుడు ఒక్క ఊపున గాలి ఊది వెళ్ళగొట్టడం. ఈ రెండింటినీ నడుము లోతు నీటిలో నిలబడి సాధన చేసిన తరువాతనే లోతుకు పోవాలి. ఈత రానివారికి తేలే జాకెట్ తొడిగి, రబ్బరు వలయం పట్టుకోమని చెప్పి, గైడు దానిని లాగుకొనిపోయే పద్ధతి అండమాన్‌లో వాడుకలో ఉన్నది.

మునిగిపోయే వ్యక్తి కేకలు వేయడం, చేతులు ఊపడం సినిమాలలో కనిపించినంతగా జరగదు. స్నార్కెలింగ్‌లో తల ఎలాగూ నీటిలోనే ఉంటుంది కనుక ఆపదలో ఉన్నవాడికి, చేపలను చూస్తున్నవాడికి తేడా దూరం నుండి తెలియదు. జంటగా దిగాలన్న నియమానికి ఇదే ఆధారం. గుండెజబ్బు, ఉబ్బసం ఉన్నవారు వైద్యుని సలహా లేకుండా దిగరాదు. వీపు, పిక్కలు గంటసేపు ఎండకు ఎదురుగా ఉండి కమిలిపోతాయి. నీటి చల్లదనం వలన ఆ సంగతి సాయంత్రం వరకు తెలియదు.

అండమాన్‌లో ఉప్పునీటి మొసళ్ళు ఉన్నాయి. 2010 ఏప్రిల్‌లో హేవ్‌లాక్ దీవి వద్ద స్నార్కెలింగ్ చేస్తున్న విదేశీ పర్యాటకురాలు మొసలి దాడిలో మరణించింది. మడ అడవులకు, వాగులు కలిసే చోట్లకు దగ్గరలో దిగరాదనే హెచ్చరికలను ఈ కారణంగా తేలికగా తీసుకోరాదు.

పగడపు దిబ్బలకు ముప్పు

వేసవి గరిష్ఠ ఉష్ణోగ్రత కంటే ఒక డిగ్రీ సెల్సియస్ ఎక్కువ వేడి కొన్ని వారాలు నిలిచినా పగడాలు తమలోని నాచును బయటికి పంపి తెల్లబారతాయి. వేడి త్వరగా తగ్గితే కోలుకొంటాయి, లేనిచో ఆకలితో చనిపోతాయి. 1998లోను, 2010, 2016 సంవత్సరాలలోను భారత సముద్రాలలో ఈ విధంగా జరిగింది. 2024లో లక్షద్వీప్ దిబ్బలు తీవ్రంగా తెల్లబారాయి. ప్రపంచవ్యాప్తంగా ఇది నాలుగవ విడత అని అదే ఏడాది ఏప్రిల్‌లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. అంతకు మునుపు, 2004 డిసెంబరు 26 భూకంపం వలన ఉత్తర అండమాన్‌లో సముద్రతలం పైకి లేచి, దిబ్బలు నీటి వెలుపల పడి ఎండిపోయాయి.

వీటి ముందు పర్యాటకుల వలన కలిగే హాని చిన్నదిగా తోచవచ్చును. కాని అది ఒకే చోట, ప్రతిరోజూ, విరామం లేకుండా జరుగుతుంది. అలసిన వ్యక్తి నిలబడేందుకు కాలు మోపినపుడు పదేళ్ళుగా పెరిగిన కొమ్మలు ఒక్క క్షణంలో విరుగుతాయి. కాలితొడుగులతో నేలను తన్నినపుడు లేచిన ఇసుక పగడాలపై పడుతుంది. పడవల లంగర్లు ఇంకా ఎక్కువ నష్టం కలిగిస్తాయి. చేపలను రప్పించుటకు బిస్కెట్లు, రొట్టె వేయడం మరొక దురలవాటు. ఈత బాగా వచ్చినవారి కంటే, తేలడం రాక భయపడినవారే పగడాలను ఎక్కువగా తొక్కుతారు. కనుక తేలే జాకెట్ మనిషి ప్రాణానికే కాక పగడాలకు కూడా రక్షణ. ఆక్సీబెంజోన్ వంటి రసాయనాలున్న ఎండ లేపనాలు పగడపు పిల్లజీవులకు హాని చేస్తాయని పరిశోధనలలో తేలినందున పలావు దేశం 2020లోను, అమెరికాలోని హవాయి రాష్ట్రం 2021లోను వాటి అమ్మకాన్ని నిషేధించాయి. పొడవు చేతుల చొక్కా ధరించినచో లేపనం అవసరం చాలావరకు ఉండదు.

భారతదేశంలో రాతిపగడాలను, సముద్ర దోసకాయలను, సముద్రపు గుర్రాలను, తిమింగల సొరచేపను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 పరిధిలోకి తెచ్చారు. పగడాలను సేకరించడం, అమ్మడం, వెంట తీసుకుపోవడం ఈ చట్టం క్రింద నేరం. ఒడ్డున విరిగిపడివున్న పగడపు ముక్కకు కూడా ఇది వర్తిస్తుంది. తిరుగుప్రయాణంలో విమానాశ్రయాలలోను, ఓడరేవులలోను సామాను తనిఖీ చేసి ఇటువంటి వాటిని స్వాధీనం చేసుకొంటారు.